తాళంచెవి ఎవరి దగ్గరుంది?



ఇవాళ మనం ఒక తాళం గురించి మాట్లాడుకుందాం. బీరువా తాళం కాదు. గేటు తాళమూ కాదు. ఇది కంటికి కనపడదు. మీ ఫోనులో ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న ఈ-పుస్తకంలో ఉంటుంది. సినిమాలో ఉంటుంది. ఆఖరికి ట్రాక్టర్లలోకి కూడా వచ్చేసింది.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. 2013 ఎండాకాలం. మా మేనల్లుడు డాలస్ నుంచి సెలవులకి విజయవాడ వచ్చాడు. వస్తూ నాకో ఫోను తెచ్చాడు. "ఫిబ్రవరిలో కొన్నాను మామయ్యా, ఈలోగా ఆఫీసువాళ్ళు ఇంకోటి ఇచ్చారు, ఇది నువ్వు వాడుకో" అన్నాడు. నేను సంబరంగా నా సిమ్ము వేశాను. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది. సిగ్నల్ మాత్రం రాలేదు.

గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాం. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమెరికా సెట్టు సార్. లాక్ ఉంది. సాయంత్రం రండి, తీసి పెడతా. ఎనిమిది వందలు" అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టబోతుంటే మా వాడు నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. చిన్న గొంతుతో, "మామయ్యా, మా దగ్గర ఇది నేరం" అన్నాడు.

కొట్లో కుర్రాడి చెవులు పాముచెవులు. "ఫోను మీదేనా సార్?" అనడిగాడు.

"మాదే."

"మరింకేంటి?"

ఈ "మరింకేంటి" అన్న మాట గుర్తు పెట్టుకోండి. ఇవాళ్టి మన ప్రసంగమంతా దాని చుట్టూనే.

మా మేనల్లుడు అబద్ధం చెప్పలేదు. అమెరికాలో 1998లో డిజిటల్ కాపీరైటు మీద ఒక చట్టం తెచ్చారు. సినిమానో, పాటనో, సాఫ్ట్‌వేర్‌నో కాపాడే తాళం ఏదైనా ఉంటే, దాన్ని తీయడమే తప్పంది ఆ చట్టం. లోపలున్నది దొంగిలించారా లేదా అన్నది తర్వాతి మాట. తాళం ముట్టుకున్నారా? అయిపోయింది. ఫోనులో సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి ఫోనుకీ ఇది వర్తించింది. ఫలానా ఫలానా వాళ్ళకి మినహాయింపు అంటూ మూడేళ్లకోసారి అక్కడి లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ అనే అధికారి ప్రకటిస్తాడు. 2012లో ప్రకటించినప్పుడు ఫోను తాళాల మినహాయింపు కొత్త ఫోన్లకి పోయింది. 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోనుకి, కంపెనీ ఒప్పుకోకుండా తాళం తీస్తే చట్టవిరుద్ధం. జనానికి ఒళ్ళు మండింది. లక్షా పద్నాలుగు వేల మంది సంతకాలు పెట్టి వైట్‌హౌస్‌కి అర్జీ పంపారు. చివరికి 2014 ఆగస్టులో ఇంకో చట్టం చేసి ఆ హక్కు తిరిగి ఇచ్చారు. మధ్యలో ఉన్న ఆ ఏడాదిన్నరలో కొన్నాడు మావాడు.

చూశారా? ఫోను వాడిది. డబ్బు వాడిది. తాళంచెవి మాత్రం వాడిది కాదు.

అందుకే చెప్తున్నాను. కాపీరైటు చట్టం మారుస్తారట అని వార్త వచ్చినప్పుడల్లా మన బోటివాళ్ళం ఒక్క ప్రశ్న అడగాలి. తాళంచెవి ఎవరి దగ్గరుంది? మిగతా పేజీలన్నీ వకీళ్ళు చూసుకుంటారు. ఈ ఒక్క ప్రశ్న మనం వేసుకోవాలి.

ఒక మాట. నేనూ రాసి బతికేవాణ్ణే. నా పుస్తకాన్ని ఎవరో పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే నాకు కడుపు రగిలిపోతుంది. కాపీరైటు ఉండకూడదని నేననను. దొంగని పట్టుకోవద్దని అసలే అనను. నేను మాట్లాడుతున్నది దొంగ గురించి కాదు. కొనుక్కున్నవాడి గురించి.

సరే. కొనడమంటే ఏమిటో చూద్దాం.

హైదరాబాదులో ఆదివారం పూట ఆబిడ్స్ వెళ్ళారా ఎప్పుడైనా? మూసేసిన కొట్ల ముందు, పేవ్‌మెంటు పొడుగూతా పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ నేనొక నిఘంటువు కొన్నాను. అట్ట తిప్పితే లోపల ముగ్గురి పేర్లున్నాయి. మొదటిది నీలం సిరాతో, గుండ్రటి అక్షరాల్లో, కింద 1964 అని. సిరా గోధుమరంగుకి తిరిగింది. దాని కింద బాల్‌పెన్నుతో రాసిన పేరు, పక్కనే ఏదో కాలేజీ రోల్ నంబరు. మూడోది రబ్బరు స్టాంపు, సగమే పడింది. నాలుగోది నాది. యాభై ఏళ్లకి పైగా ఆ పుస్తకం చేతులు మారుతూనే ఉంది. ప్రచురణకర్తకి ఒక్కసారే డబ్బు ముట్టింది, మొదటాయన కొన్నప్పుడు. ఆ తర్వాత చేతులు మారినందుకు అతనికి పైసా రాలేదు. అడగడానికి వీల్లేదు కూడా.

ఎందుకని? మన కాపీరైటు చట్టంలోనే ఆ మాట ఉంది. పుస్తకం ప్రతుల్ని జనంలోకి విడుదల చేసే హక్కు కాపీరైటుదారుది. కానీ అప్పటికే చలామణిలో ఉన్న ప్రతుల మీద ఆ హక్కు లేదు. అంటే, అమ్మేసిన పుస్తకం అమ్మేసినట్టే. కొన్నవాడు చదువుకోవచ్చు. అల్లుడికి ఇవ్వొచ్చు. పాతపుస్తకాల వాడికి తూకానికి వెయ్యొచ్చు. మన లైబ్రరీలు నడుస్తున్నది, పాత పుస్తకాల కొట్లు బతుకుతున్నది ఈ చిన్న మాట మీదే.

ఇప్పుడు అదే నిఘంటువు ఫోనులో కొనండి. తెర మీద 'బై' అని బొత్తాం ఉంటుంది. నొక్కుతారు. డబ్బు కట్ అవుతుంది. కానీ మీరు కొన్నది పుస్తకం కాదు, చదువుకోవడానికి అనుమతి. ఆ సంగతి కింద చీమల బారులాంటి అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ పుస్తకం మీద అయిదో పేరు రాయడానికి చోటు లేదు. చదివేశాను కదా అని మీ చెల్లెలికి ఇవ్వలేరు. పాతపుస్తకంగా అమ్మలేరు. నెదర్లాండ్స్‌లో ఒక సంస్థ పాత ఈ-పుస్తకాలు అమ్మబోతే వ్యవహారం యూరప్ పెద్ద కోర్టు దాకా వెళ్ళింది. అది కుదరదని 2019 డిసెంబరులో ఆ కోర్టు తేల్చేసింది.

ఇంకా తేలిగ్గా చెప్తాను. మీరు బజార్లో ఒక జాడీ ఆవకాయ కొన్నారనుకోండి. జాడీ మీ వంటింట్లోనే ఉంది. కానీ మూత మీరు తీస్తే రాదు. కొట్టువాడు వచ్చి తీస్తేనే వస్తుంది. రోజూ అన్నం వేళకి పాపం వాడు వచ్చి తీస్తూనే ఉన్నాడు. అందుకని మీకు అనుమానం కూడా రాలేదు. ఒకరోజు వాడు కొట్టు ఎత్తేశాడు. ఇప్పుడేం చేస్తారు? జాడీ ముందు పెట్టుకుని కూర్చుంటారు.

ఇది కట్టుకథ అనుకుంటున్నారేమో. 2019లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన ఈ-పుస్తకాల కొట్టు మూసేసింది. ఆ ఏడాది జులై నుంచి జనం కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. కంపెనీ డబ్బు తిరిగి ఇచ్చింది, కాదనను. మార్జిన్లో నోట్సు రాసుకున్నవాళ్ళకి ఇంకో పాతిక డాలర్లు కూడా ఇచ్చింది. కానీ నా నిఘంటువు మొదటి యజమాని చనిపోయాక కూడా, అమ్మిన కొట్టు మూతబడ్డాక కూడా, పుస్తకం తెరుచుకుంటూనే ఉంది కదా!

అంతకు పదేళ్ల ముందు, 2009లో ఇంకో సంగతి. అమెజాన్ కిండిల్‌లో జార్జ్ ఆర్వెల్ రాసిన '1984' నవల కొన్నవాళ్ళు పొద్దున్నే లేచి చూస్తే పుస్తకం లేదు. అమ్మినవాడికి దాన్ని అమ్మే హక్కు లేదని తర్వాత తేలిందట. అందుకని కంపెనీ వాళ్ళు కొన్నవాళ్ళ పరికరాల్లోంచి కూడా తీసేశారు. డబ్బు వెనక్కి ఇచ్చారు. తర్వాత కంపెనీ అధిపతి తప్పయిపోయిందని ఒప్పుకున్నాడు. మిషిగన్‌లో ఒక స్కూలు కుర్రాడు స్కూలు పని కోసం ఆ నవల మీద నోట్సు రాసుకుంటున్నాడు. నోట్సు మిగిలింది, అది ఏ వాక్యానికి రాసిందో ఆ వాక్యం లేదు. పాత కాగితాల్ని ప్రభుత్వం మాయం చేసే కథ ఆ నవలది. మాయం చేయడానికి వేరే పుస్తకం దొరకలేదేమో!

కాలిఫోర్నియాలో ఇప్పుడు కొంచెం మేలు. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఒక చట్టం అమల్లోకి వచ్చింది. వెనక్కి తీసుకోగలిగే డిజిటల్ సరుకు మీద 'బై' అని ఊరికే రాయకూడదు. ఇది అనుమతి మాత్రమే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. తాళంచెవి ఇవ్వలేదు సుమండీ. తాళంచెవి మీకివ్వటం లేదు అని చెప్పించారు, అంతే. అదీ ఒక మెట్టే.

ఇక తాళం దగ్గరికి వద్దాం.

1996లో జెనీవాలో దేశాలన్నీ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఇంటర్నెట్ వస్తోంది, ఒక పాటని క్షణంలో వెయ్యి కాపీలు తీయొచ్చు, రచయితలు, సంగీతకారులు ఏమైపోతారు అన్నది వాళ్ళ భయం. న్యాయమైన భయమే. అందుకని రచనకి తాళం వేసుకుంటే, ఆ తాళానికి చట్టం అండగా నిలవాలి అనుకున్నారు. ఎలా నిలవాలన్నది ఏ దేశానికి ఆ దేశం రాసుకుంది. తేడా అంతా అక్కడే వచ్చింది.

అమెరికా రాసుకున్నది విన్నారు కదా. తాళం ముట్టుకుంటేనే తప్పు. ఆ తర్వాత జరిగింది వింటే నవ్వొస్తుంది. సినిమా వాళ్ళ కోసం చేసిన చట్టాన్ని గరాజ్ తలుపుల కంపెనీ ఒకటి వాడుకుంది! కారు షెడ్డు తలుపు తెరిచే రిమోట్ ఉంటుంది చూడండి. వేరే కంపెనీ చవక రిమోట్ చేస్తే, మా తలుపులోని సాఫ్ట్‌వేర్ తాళం తీశారంటూ కోర్టుకెక్కింది. ప్రింటర్ల కంపెనీ ఒకటి, వేరేవాళ్ళ టోనర్ డబ్బా తన ప్రింటర్‌లో పనిచేస్తోందని అదే చట్టం పట్టుకుని కోర్టుకెళ్ళింది. 2004లో రెండూ అప్పీళ్ళలో ఓడిపోయాయి. ఓడిపోయాయి సరే, ఆ చవక రిమోట్ అమ్ముకునేవాడికి వకీళ్ళ ఖర్చు ఎవరిస్తారు?

తర్వాత ట్రాక్టర్లు. అక్కడి రైతు లక్షల డాలర్లు పోసి ట్రాక్టరు కొన్నాడు. అది చేలో ఆగిపోయింది. ఇంజనులో కంప్యూటరు ఉంది, దానికి తాళం ఉంది. తాళంచెవి డీలరు దగ్గర ఉంది. డీలరు యాభై మైళ్ల దూరంలో ఉన్నాడు. తన ట్రాక్టరు తాను బాగుచేసుకోవడానికి ఆ తాళం తీసుకోవచ్చని 2015లో గానీ ఆ రైతుకి మినహాయింపు దొరకలేదు. అదీ మూడేళ్లకోసారి మళ్ళీ అడుక్కోవాలి. మన ఊళ్ళో ట్రాక్టరు ఆగితే మెకానిక్ గోనెసంచి పరుచుకుని కిందకి దూరతాడు. గంటలో తేలిపోతుంది. ఇలాగే ఎన్నాళ్ళు సాగుతుందో నాకు తెలీదు. కొత్త ట్రాక్టర్లలో మనకీ కంప్యూటర్లు వచ్చేస్తున్నాయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ పెట్టింది. అందులో వ్యవసాయ యంత్రాల్ని కూడా చేర్చారు. మంచిదే. కానీ పోర్టల్ వేరు, చట్టంలో వాక్యం వేరు.

మనకో సామెత ఉంది కదా, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని. కెనడా వాళ్ళు 2012లో కాపీరైటు చట్టం సవరించారు. కొన్న సీడీలోంచి పాటల్ని ఫోనులోకి ఎక్కించుకోవచ్చు అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కింద ఇంకో మాట ఉంది. దానికి డిజిటల్ తాళం ఉంటే మాత్రం తీయకూడదు. అంటే దేవుడు వరమిచ్చాడు. పూజారి గుడి తలుపులేసుకుని ఇంటికి పోయాడు.

బ్రిటన్‌లో ఇంకా చిత్రం. సొంత వాడకానికి సీడీ కాపీ తీసుకోవచ్చని 2014 అక్టోబరు 1న నిబంధన తెచ్చారు. జనం అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఎటూ చేస్తున్న పనే అది. సంగీతకారుల సంఘాలు కోర్టుకెళ్ళాయి. మాకు నష్టం రాదని ప్రభుత్వం సరైన ఆధారం చూపలేదన్నాయి. 2015 జులైలో కోర్టు ఆ నిబంధన కొట్టేసింది. పది నెలల్లో తప్పు ఒప్పయి, ఒప్పు మళ్ళీ తప్పయింది. ఈ పది నెలల్లోనూ జనం చేసింది మాత్రం ఒక్కటే. చట్టం ఏం చెప్పిందో చూడకుండా పాటలు వినడం.

ఇప్పుడు మన దేశం సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. డిజిటల్ కాలానికి సరిపడేలా దాన్ని మారుస్తామంటూ 2010లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. స్థాయీ సంఘం చూసింది, మార్పులు చేశారు, 2012 మేలో ఉభయ సభలూ ఆమోదించాయి. ఆ జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజుల్లో పేపర్లలో గొడవంతా సినిమా పాటల రాయల్టీ గురించే. కవి జావేద్ అఖ్తర్ స్వయంగా సభ్యుడు కావడంతో రాజ్యసభలో ఆయన ప్రసంగం గురించే అందరూ మాట్లాడుకున్నారు. రాయల్టీ ముఖ్యమే. ఆ హడావుడిలో అరవై అయిదు-ఎ అనే సెక్షను ఎవరి కంటా పడలేదు. మన తాళం సెక్షను అదే.

అందులో ఏముంది? కాపీరైటు హక్కుల్ని కాపాడే తాళాన్ని, ఆ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇందులో అసలు మాట ఏదో పట్టుకున్నారా? మళ్ళీ చెప్తాను. 'ఉల్లంఘించే ఉద్దేశంతో.' అమెరికా చట్టం, తాళం ముట్టుకున్నావా అనడుగుతుంది. మన చట్టం, ఎందుకు ముట్టుకున్నావు అనడుగుతుంది. ఈ చట్టం నిషేధించని పని కోసం తీస్తే నేరం కాదని కింద విడిగా కూడా రాశారు. నా మటుకు నాకు ఆ బిల్లు మొత్తంలో మామూలు మనిషికి పనికొచ్చిన మాట ఇదే అనిపిస్తుంది.

ఇంకో షరతు కూడా ఉంది. మీకు తాళం తీయడం రాదు, ఇంకొకరి చేత తీయించుకున్నారనుకోండి. తీసిపెట్టినవాడు ఒక చిట్టా ఉంచుకోవాలి. ఎవరికి తీశాడు, ఆ మనిషి పేరు, చిరునామా, ఏ పనికోసం అన్నది అందులో రాయాలి.

మరి అంతా బాగానే ఉందిగా అంటారా? లేదు. చట్టం తాళం తీసుకోవచ్చంది. తాళంచెవి ఇమ్మని మాత్రం ఏ కంపెనీకీ చెప్పలేదు. ఈ లోటు ఎవరికి తగులుతుందో చెప్తాను.

మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. చూపు లేని ఒక డిగ్రీ కుర్రాడి కోసం ఆయన పాఠ్యపుస్తకాలు చదివి ఫోనులో రికార్డు చేస్తారు. రోజూ మధ్యాహ్నం రెండింటికి. ఫ్యాను ఆపేస్తారు, చప్పుడు పడుతుందని. చెమటలు కక్కుతూ చదువుతారు. "ఇక్కడ పటం ఉంది బాబూ, గోదావరి ఎడమ నుంచి కుడికి పోతోంది, కింద మూడు చుక్కలున్నాయి" అని బొమ్మలు కూడా చెప్తారు. ఒకసారి మధ్యలో కుక్కరు మూడు విజిల్స్ వేసింది. ఆ విజిల్స్‌తోనే పంపించేశారు. ఆ కుర్రాడికి ఆర్థికశాస్త్రంలో ఒక అధ్యాయం ఇప్పటికీ పప్పు ఉడికిన అధ్యాయమే.

మాస్టారు చేస్తున్నది పుస్తకం మొత్తాన్ని కాపీ చేయడమే కదా? తప్పు కాదా? కాదు. 2012 సవరణలో దానికి చోటిచ్చారు. అదీ ఊరికే రాలేదు. 2010 బిల్లులో మొదట రాసింది బ్రెయిలీ లాంటి ప్రత్యేక రూపాలకే మినహాయింపు అని. మిగతా రూపాలకి సంస్థలు లైసెన్సు పెట్టుకోవాలన్నారు. చూపులేనివాళ్ళ సంఘాలు లేచాయి. మాలో బ్రెయిలీ అందరికీ రాదు, నడివయసులో చూపు పోయినవాళ్ళున్నారు, కంప్యూటరు చదివి వినిపిస్తుంటే వింటున్నాం, మీరు ఏ కాలంలో ఉన్నారు అని నిలదీశాయి. చివరికి చట్టంలో 'అందుబాటులో ఉండే ఏ రూపమైనా' అని మార్చారు. సంస్థే అక్కర్లేదు, ఏ మనిషైనా చేసిపెట్టొచ్చు. లాభానికి మాత్రం చేయకూడదు. ప్రతిపాదన దశలో జనం గట్టిగా మాట్లాడితే వాక్యం మారుతుందనడానికి ఇంతకంటే రుజువు నేను చూపలేను. ఆ సవరణ వచ్చిన మరుసటి ఏడాది మొరాకోలోని మర్రకేష్ నగరంలో ఇదే విషయం మీద ప్రపంచ ఒప్పందం కుదిరింది. 2014 జూన్‌లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

ఇప్పుడు తాళం చూడండి. అదే కుర్రాడు ఒక ఈ-పుస్తకం కొన్నాడు. డబ్బు కట్టాడు. కంప్యూటరు చేత చదివించుకుందామంటే పుస్తకానికి తాళం. కంప్యూటరుకి అక్షరాలు కనపడనివ్వదు. తాళం తీసుకోవడం అతనికి నేరం కాదు. చట్టం అతని పక్షానే ఉంది. కానీ ఎవరు తీస్తారు? కంపెనీకి రాస్తే జవాబు రాదు. లెక్కల మాస్టారికి తాళాలు తీయడం రాదు. ఆయనకు వచ్చిందల్లా ఫ్యాను ఆపి చదవడం.

చట్టం ఒప్పుకున్నా పని జరక్కపోవడానికి పెళ్ళిళ్ళలో ఇంకో రూపం ఉంది. పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేసుకుంటే కాపీరైటు ఉల్లంఘన కాదని మన చట్టంలోనే ఉంది. కొందరు రాయల్టీలు అడుగుతున్నారని ఫిర్యాదులు వస్తే, 2023 జులైలో కేంద్రం మళ్ళీ నోటీసు ఇచ్చి చెప్పింది, అడగడానికి వీల్లేదని. బ్యాండు మేళం వాళ్ళు హాయిగా వాయించుకోవచ్చు. కానీ ఆ వీడియోని ఇంటర్నెట్‌లో పెట్టి చూడండి. మా పిన్ని మనవరాలి పెళ్ళి వీడియో పెడితే సరిగ్గా తలంబ్రాల దగ్గర శబ్దం పోయింది. వెనకాల ఎవరో సినిమా పాట వేశారు. అక్కడున్నది మనిషి కాదు, యంత్రం. పాటని గుర్తుపడుతుంది, నోరు మూసేస్తుంది. పాటతోపాటు పురోహితుడి మంత్రాలూ పోయాయి, పక్కన పిల్లల నవ్వులూ పోయాయి. ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఆ మినహాయింపు వర్తిస్తుందా అంటే వాదించుకోవచ్చు. నా బాధ అది కాదు. ఆ యంత్రంతో వాదించడానికి మా పిన్ని ఎక్కడికి వెళ్ళాలి? యూరప్‌లో 2019లో తెచ్చిన కొత్త ఆదేశం మీద అంత గొడవ జరిగింది ఇందుకే. జనం పెట్టేవాటిని ఇలాంటి యంత్రాలు జల్లెడ పడతాయని వేలమంది వీధుల్లోకి వచ్చారు. అక్కడి పార్లమెంటులో 348 మంది అవునన్నారు, 274 మంది కాదన్నారు. ఆదేశం గెలిచింది.

ఇక మన దగ్గర తాజా ప్రతిపాదన. 2025 డిసెంబరులో కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని డీపీఐఐటీ అనే విభాగం ఒక పత్రం బయటపెట్టింది. కృత్రిమ మేధ కంపెనీలు తమ యంత్రాలకి తర్ఫీదు ఇవ్వడానికి కథలు, పాటలు, వార్తలు వాడుకుంటున్నాయి కదా. దానికేం చేయాలన్నది విషయం. ప్రతిపాదన ఏమిటంటే, న్యాయంగా చేతికందిన రచనల్ని కంపెనీలు అడగకుండా వాడుకోవచ్చు. రచయిత కాదనడానికి లేదు. బదులుగా వచ్చిన రాబడిలోంచి రాయల్టీ కట్టాలి. దాన్ని ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి పంచుతుంది. ఇది ప్రతిపాదన, చట్టం కాదు.

రచయితగా నాకు ఇందులో కొంత ఆశ, కొంత గుబులు. ఆ గొడవ ఇంకోరోజు చెప్పుకుందాం. కొనేవాడిగా మాత్రం ఒక సంగతి గుచ్చుకుంది. వందల కోట్ల కంపెనీ అడగకుండా చదువుకోవడానికి దారి వెతుకుతున్నారు. వెతకనీండి. నూట యాభై రూపాయలు కట్టి పుస్తకం కొన్న ఆ చూపులేని కుర్రాడికి తాళంచెవి ఇప్పించే దారి కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుని వెతకొచ్చు కదా?

ఇలాంటి పత్రాలు బయటపెట్టినప్పుడు అభిప్రాయాలు చెప్పమని గడువు ఇస్తారు. రాసేది కంపెనీలు, సంఘాలు, వకీళ్ళు. మీరూ రాయొచ్చు. సెక్షన్ల నంబర్లు తెలియక్కర్లేదు. 'కొన్న సరుకుని నేను వాడుకోవడానికి తాళం అడ్డమైతే, తీసిచ్చే బాధ్యత అమ్మినవాడి మీద పెట్టండి' అని ఒక్క వాక్యం రాస్తే చాలు. మన చట్టంలో ఉన్న ఆ 'ఉద్దేశం' అన్న మాటని తీసేయొద్దని ఇంకో వాక్యం. రేపు ఏ వాణిజ్య ఒప్పందం పేరుతోనో అమెరికా మోడల్ తెద్దామని ఎవరైనా అంటే, ముందు ఎగిరిపోయేది ఆ మాటే.

ఈలోగా ఏదైనా డిజిటల్ సరుకు కొనబోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ ఫైలు నా దగ్గరికి వస్తుందా, వాళ్ళ దగ్గరే ఉంటుందా? వాళ్ళ యాప్ కాకుండా వేరేదాంట్లో తెరుచుకుంటుందా? కొట్టు మూసేస్తే నాకేం మిగులుతుంది? కిండిల్‌లో కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దింపుకుని, తీగతో పరికరంలోకి ఎక్కించుకునే వీలు 2025 ఫిబ్రవరి దాకా ఉండేది. ఇప్పుడు అదీ తీసేశారు. తాళం వేసి అమ్మని ప్రచురణకర్తలు కూడా ఉన్నారు. దొరికితే అలాంటివాళ్ళ దగ్గర కొనండి. దొరక్కపోతే, మళ్ళీ మళ్ళీ చదివే పుస్తకం అచ్చులో కొనుక్కోండి. అట్ట లోపల పేరు రాసుకోండి.

ఇంతకీ ఆ ఫోను సంగతి చెప్పనే లేదు. సాయంత్రం మా మేనల్లుడు రానన్నాడు. నేనొక్కణ్ణే వెళ్ళాను. తాళం వచ్చేసింది, సిగ్నల్ నాలుగు గీతలు చూపిస్తోంది. ఎనిమిది వందలు ఇచ్చి వెళ్ళబోతుంటే ఆ కుర్రాడు, "ఒక్క నిమిషం సార్" అని బల్ల సొరుగులోంచి లేత పచ్చ అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్ తీశాడు. పేరడిగాడు, రాసుకున్నాడు. వీధి అడిగాడు, రాసుకున్నాడు. చివరి గడి దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశాడు. "దేనికి వాడతారు సార్?"

"మాట్లాడుకోవడానికి" అన్నాను.

'సొంత వాడకం' అని రాసి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు.